నీళ్ల కూలరులో భాస్వరం

అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని బెథెస్డా పట్టణంలో జాతీయ ఆరోగ్య సంస్థల ఆవరణ ఉంది. అందులో 37వ నంబరు భవనం జాతీయ క్యాన్సర్ సంస్థ ప్రయోగశాలలకు నిలయం. 1995 జూన్ చివరి వారంలో ఆ భవనంలోని ఒక ప్రయోగశాలలో, రేడియోధార్మికతను పట్టించే గైగర్ కౌంటర్ ఉండవలసిన దానికంటే ఎక్కువ చప్పుడు చేసింది. రేడియోధార్మిక పదార్థాలతో రోజూ పనిచేసే చోట అది వింతేమీ కాదు. బల్ల మీద చుక్క చిందుతుంది, చేతి తొడుగుకు అంటుకుంటుంది. తుడిచి, కడిగి, రిజిస్టరులో రాసుకుని మళ్లీ పనిలో పడతారు. ఆ రోజు మాత్రం కౌంటర్ పట్టించింది బల్లను కాదు, మనిషిని.

ఆమె చైనా నుంచి వచ్చి అక్కడ పరిశోధన చేస్తున్న యువ శాస్త్రవేత్త. అప్పటికి 17 వారాల గర్భవతి. భర్తదీ అదే ప్రయోగశాల. రేడియోధార్మికత ఆమె చర్మానికీ బట్టలకూ అంటినది అయితే సబ్బుతో కడిగితే పోయేది. మూత్ర పరీక్ష మరో సంగతి చెప్పింది. భాస్వరం-32 అనే రేడియోధార్మిక పదార్థం ఆమె కడుపులోకి వెళ్లి, రక్తంలో కలిసి, ఒళ్లంతా పాకింది. వెళ్లినది ఏ కాస్తో కాదు. ఆ రంగంలో పనిచేసేవారికి ఏడాది మొత్తానికి చట్టం విధించిన హద్దును దాటేసింది. కడుపులోని శిశువుకు విధించిన హద్దు ఇంకా చాలా తక్కువ కాబట్టి దాన్ని ఎన్నో రెట్లు దాటింది.

ఆ తర్వాత అదే భవనంలో నీళ్ల కూలరును పరీక్షించారు. అందులోనూ భాస్వరం-32 ఉంది. అక్కడ పనిచేసే వారందరి మూత్రం పరీక్షిస్తే మరో 26 మంది ఒంట్లో, తక్కువ మోతాదులోనే అయినా, దాని జాడ కనిపించింది. ఒక్కరి విషయంలో అయితే పొరపాటు అనుకోవచ్చు. తాగే నీళ్లలోకి పొరపాటున భాస్వరం-32 ఎలా చేరుతుంది? ప్రయోగాలకు వాడే సీసాకూ కూలరుకూ మధ్య ఏ గొట్టమూ లేదు. మధ్యలో ఉండగలిగినది ఒక చెయ్యి మాత్రమే. ఆ చెయ్యి ఎవరిదో ఇవాళ్టికీ తేలలేదు.

ఈ కేసు ఎందుకు తేలలేదో అర్థం కావాలంటే ముందు భాస్వరం-32 సంగతి తెలియాలి. ప్రకృతిలో దొరికే భాస్వరం అంతా ఒకే రకం, భాస్వరం-31. మన ఎముకల్లో, పళ్లలో, ప్రతి కణంలోని డీఎన్‌ఏలో ఉన్నది అదే. దాని కేంద్రకంలో ఒక న్యూట్రాన్ ఎక్కువైతే భాస్వరం-32 అవుతుంది. రసాయన గుణాల్లో రెంటికీ తేడా లేదు. శరీరం రెండింటినీ ఒకే తీరుగా వాడుకుంటుంది. కానీ కొత్తది నిలకడ లేనిది. ఒక బీటా కణాన్ని వదిలి గంధకంగా మారిపోతుంది. ఏ క్షణంలోనైనా చేతిలో ఉన్న భాస్వరం-32లో సగం అలా మారిపోవడానికి పట్టే కాలం 14.3 రోజులు. దీన్నే అర్ధాయువు అంటారు. ఈ 14.3 రోజుల లెక్క దర్యాప్తు దగ్గర మళ్లీ ఎదురవుతుంది.

జీవశాస్త్రవేత్తలకు ఇది ఇష్టమైన పనిముట్టు కావడానికి కారణం గైగర్ కౌంటర్‌లో అది చేయించే ఆ చప్పుడే. డీఎన్‌ఏ ముక్కకు భాస్వరం-32 తగిలిస్తే ఆ ముక్క ఎక్కడికి పోయినా తన ఉనికి తానే చాటుకుంటుంది. ఎక్స్‌రే ఫిల్ము మీద నల్లటి గీతగా పడుతుంది. వారసత్వ సమాచారాన్ని మోసేది డీఎన్‌ఏనే అని చూపిన హెర్షీ, చేజ్‌ల 1952 నాటి ప్రయోగంలో ఒక పక్క భాస్వరం-32, మరో పక్క రేడియోధార్మిక గంధకం ఉన్నాయి. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ బృందం 1980లలో తన డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని రూపొందించినప్పుడు కూడా ఆ గీతలను చూపించింది భాస్వరం-32 తగిలించిన డీఎన్‌ఏ ముక్కే. అదే ప్రాంగణంలో అణుశక్తి విభాగానికి చెందిన బ్రిట్ సంస్థ దేశంలోని పరిశోధకుల కోసం భాస్వరం-32 కలిపిన పదార్థాలు తయారుచేసే ప్రయోగశాల పెట్టింది. దాని పేరు జొనాకి. బెంగాలీలో ఆ మాటకు మిణుగురు అని అర్థం. చీకట్లో తనను తాను చూపించుకునే పురుగు పేరు ఆ పదార్థానికి చక్కగా అతికింది.

రేడియోధార్మిక పదార్థాన్ని ఇలా జాడ తీయడానికి వాడవచ్చని మొదట కనిపెట్టింది హంగేరీలో పుట్టిన జార్జ్ డి హెవెసీ. ఆయన గురించి ఒక కథ చెప్పుకుంటారు. 1911 ప్రాంతంలో మాంచెస్టర్‌లో ఒక ఇంట్లో అద్దెకుంటూ భోజనం అక్కడే చేసేవాడు. ఇంటావిడ మొన్న మిగిలిన మాంసాన్నే మళ్లీ మళ్లీ వండి పెడుతోందని అనుమానం. ఆమె ఒప్పుకోదు. ఒకరోజు కంచంలో మిగిల్చిన మాంసంలో కాస్త రేడియోధార్మిక పదార్థం కలిపి వదిలేశాడు. కొన్నాళ్లకు ముందుకొచ్చిన వంటకం దగ్గర పరికరం పెడితే దొంగతనం బయటపడింది. ఈ కథను నవ్వుతూ చెప్పుకోవడమే అలవాటు. కానీ తినే పదార్థంలో చెప్పకుండా రేడియోధార్మికత కలిపిన మొదటి శాస్త్రవేత్త కూడా ఆ లెక్కన బహుశా ఆయనే. 1935లో హెవెసీ, ఆయన సహచరుడు కలిసి ఎలుకలకు భాస్వరం-32 తినిపించారు. తిన్నది ఎముకల్లోకి చేరడం, ఎముకల్లోని పాత భాస్వరం బయటికి వచ్చేయడం గమనించారు. ఎముక రాయిలాంటిది కాదు, నిత్యం మారుతూ ఉండేదని అలా తెలిసింది. రేడియోధార్మిక జాడల పద్ధతికి ఆయనకు 1943 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. అరవై ఏళ్ల తర్వాత బెథెస్డా వైద్యులు ఆ స్త్రీ ఒంట్లో ఏం జరుగుతున్నదో లెక్క కట్టగలిగింది ఆ ఎలుకలతో మొదలైన జ్ఞానం వల్లనే.

నోటి ద్వారా వెళ్లిన భాస్వరం-32లో దాదాపు 80 శాతం పేగుల నుంచి రక్తంలోకి చేరుతుంది. కొంత మొదటి రోజుల్లోనే మూత్రంలో పోతుంది. మిగిలినది కండరాల్లోకీ ఎముకల్లోకీ సర్దుకుంటుంది. దాని బీటా కణాలు గాలిలో అయితే సుమారు 6 మీటర్లు పోగలవు. శరీరంలో మాత్రం గరిష్ఠంగా 8 మిల్లీమీటర్లు. అంటే ఎక్కడ పుట్టినవి అక్కడి కణజాలంలోనే తమ శక్తినంతా ధారపోస్తాయి. ఎముక మూలుగకు అన్నిటికంటే ఎక్కువ దెబ్బ. ఎక్కువ నీళ్లు తాగించడం, మామూలు భాస్వరపు లవణాలు ఇచ్చి రేడియోధార్మిక భాస్వరాన్ని బయటికి తోసేయడం చికిత్స. అదైనా మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో చేస్తేనే ఫలితం.

మోతాదుల గురించి కాస్త వివరం అవసరం. ఒక మైక్రోక్యూరీ అంటే సెకనుకు 37,000 పరమాణువులు విచ్ఛిన్నం కావడం. భాస్వరం-32 నోటి ద్వారా వెళ్లే విషయంలో అమెరికా చట్టం ఏడాదికి పెట్టిన హద్దు 600 మైక్రోక్యూరీలు, అంటే సెకనుకు 2 కోట్ల 22 లక్షల విచ్ఛిన్నాలు. వినడానికి భయంకరమైన సంఖ్య. అయినా వైద్యంలో, రక్తకణాలు అతిగా పెరిగే పాలీసైథీమియా వెరా అనే జబ్బుకు, డాక్టర్లు 3 నుంచి 5 మిల్లీక్యూరీల భాస్వరం-32 ఇచ్చేవారు. ఒక మిల్లీక్యూరీ అంటే 1,000 మైక్రోక్యూరీలు కాబట్టి అది ఈ హద్దుకు ఐదు నుంచి ఎనిమిది రెట్లు. ఆ రోగులు మర్నాడే కుప్పకూలిపోలేదు. అలా చికిత్స పొందినవారిలో కొన్నేళ్లకు లుకేమియా ఎక్కువగా కనిపించడం మాత్రం నిజం. అందుచేత బెథెస్డాలో జరిగినదాన్ని ప్రాణం తీసే విషప్రయోగం అనలేం. బాధితురాలికి అప్పటికప్పుడు కనిపించే జబ్బు రాదు. రేపెప్పుడో రావచ్చుననే భయం, కడుపులో బిడ్డ గురించిన బెంగ మిగులుతాయి. 8 నుంచి 15 వారాల మధ్య శిశువు మెదడు రేడియేషన్‌కు అన్నిటికంటే సున్నితం. 16 నుంచి 25 వారాల వరకూ ఆ ప్రమాదం తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. 17వ వారం అంటే ఆ గీత దగ్గరే.

ఇంత పని చేయడానికి ఎంత పదార్థం కావాలి? వేరే భాస్వరం ఏదీ కలవని స్వచ్ఛమైన భాస్వరం-32 అయితే ఒక మిల్లీక్యూరీ బరువు గ్రాములో సుమారు 30 కోట్లో వంతు. కంటికి కనిపించదు. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. అమ్మకానికి వచ్చే ద్రావణం సాధారణంగా మిల్లీలీటరుకు 10 మిల్లీక్యూరీల గాఢతతో ఉంటుంది. అంటే రెండు చుక్కలు చాలు. ఆ రెండు చుక్కలు తీయడానికి ప్రత్యేక విద్య అక్కర్లేదు. ప్రయోగశాలలో చేరిన మొదటి వారంలోనే ప్రతి విద్యార్థీ నేర్చుకునే పిపెట్ పట్టడం వస్తే సరిపోతుంది.

పొరపాటుకూ కుట్రకూ తేడా పట్టడానికి దర్యాప్తు చేసేవారు కొన్ని గుర్తులు చూస్తారు. పని చేస్తూ చిందించుకున్నవారికి చేతులకూ తొడుగులకూ కోటు అంచులకూ ఎక్కువ అంటుతుంది, లోపలికి కొద్దిగానే పోతుంది. లోపల ఎక్కువగా ఉండి పైన తక్కువగా ఉంటే ఆ మనిషి దాన్ని తిన్నట్టో తాగినట్టో లెక్క. వందల మైక్రోక్యూరీలు ఒకేసారి లోపలికి పోవాలంటే మరచిపోయి గోరు కొరికితే చాలదు. ఆ పూట ఆమె తిన్న అన్నం మీదకు అనుమానం వెళ్లింది అందుకే. ఉమ్మడి గదిలోని ఫ్రిజ్‌లో దాచుకున్న ఆహారంలో ఎవరో కలిపి ఉంటారని అనుకున్నారు. నీళ్ల కూలరు బయటపడ్డాక, ఇది కావాలని చేసిన పనే అన్న అభిప్రాయం బలపడింది.

అక్కడి నుంచి కేసు ముందుకు సాగలేదు. పరిశోధకుల మధ్యే నేరస్థుడు ఉంటే ఆ నేరస్థుడి కోసం వెతకడం ఎంత చిక్కో ఈ కేసు చూపిస్తుంది. మామూలు విషప్రయోగంలో పోలీసులు మొదట అడిగే ప్రశ్న, విషం ఎవరికి దొరుకుతుంది అని. దుకాణంలో కొన్నారా, పొలం నుంచి తెచ్చారా, ఆసుపత్రి నుంచి దొంగిలించారా అన్నది చూస్తే అనుమానితుల జాబితా చిన్నదవుతుంది. 37వ నంబరు భవనంలో ఆ ప్రశ్నకు జవాబు, దాదాపు అందరికీ. భాస్వరం-32 అక్కడ ఫ్రీజర్లలో ఉండేది. ఫ్రీజర్లకు తాళాలు ఉండేవి కావు, ఉన్నా వేసేవారు కాదు. రాత్రి పదింటికి ఎవరైనా ప్రయోగశాలలో కనిపిస్తే కష్టపడుతున్నాడని మెచ్చుకునేవారే తప్ప ఎందుకొచ్చావని అడిగేవారు లేరు. ఒకరి సీసాలోంచి మరొకరు నాలుగు మైక్రోలీటర్లు అరువు తీసుకోవడం పొరుగింట్లో పంచదార అడిగినంత మామూలు.

రెండో ప్రశ్న, విషం ఎంత తగ్గింది. కొన్నదెంత, వాడినదెంత, మిగిలినదెంత అని పుస్తకాల్లో రాసి ఉంటుంది. కానీ భాస్వరం-32 తనంతట తానే తరుగుతుంది. పైగా చుక్కల్లో కొలిచే ద్రావణంలో అంచనా తప్పడం సహజం. ఒక సీసాలో రెండు చుక్కలు తక్కువైతే ఆ తేడాను ఏ పుస్తకమూ పట్టుకోలేదు.

మూడో ప్రశ్న, జాడలు ఎక్కడున్నాయి. అసలు వింత ఇక్కడే ఉంది. గైగర్ కౌంటర్ కంటే చురుకైన వేటకుక్క లేదు. కానీ భాస్వరం-32 వాడే ప్రయోగశాలలో దాని మరకలు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. సింకులో, చెత్తబుట్టలో, సెంట్రిఫ్యూజ్ మూతలో, తలుపు గుబ్బ మీద. వేటకుక్క ప్రతి గుమ్మం దగ్గరా మొరిగితే దొంగ ఏ ఇంట్లో ఉన్నాడో ఎలా తెలుస్తుంది? నిర్దోషి చేతి మీదా నేరస్థుడి చేతి మీదా కౌంటర్ ఒకే చప్పుడు చేస్తుంది.

నాలుగోది కాలం. 14.3 రోజులకు సగం, 28.6 రోజులకు పావు వంతు. పది అర్ధాయువులు, అంటే 143 రోజులు గడిస్తే వెయ్యిలో ఒక వంతు మిగులుతుంది. జూన్ చివరి నుంచి లెక్కిస్తే నవంబరు మూడో వారం. ముద్ర వేసి ఎంత భద్రపరిచినా, నీళ్ల నమూనాలో, మూత్రం సీసాలో ఉన్న సాక్ష్యం తాళం వేసిన గదిలోనే తనను తాను చెరిపేసుకుంటూ గంధకమైపోతుంది.

నేరం తేలకపోయినా వివాదాలు పైకి తేలాయి, అదీ పుష్కలంగా. అమెరికాలో ఇలాంటి పదార్థాల వాడకానికి అనుమతి ఇచ్చేదీ తనిఖీ చేసేదీ అణు నియంత్రణ కమిషన్. ఆ సంవత్సరం అక్టోబరులో దంపతులు కమిషన్‌కు అర్జీ పెట్టుకున్నారు. జాతీయ ఆరోగ్య సంస్థలకు ఉన్న అనుమతిని నిలిపేయాలనో రద్దు చేయాలనో కోరారు. తమకు అందిన వైద్యం సరిగా లేదని, మోతాదును తక్కువ చేసి చూపారని ఆరోపించారు. ఆరోగ్య సంస్థలు కాదన్నాయి. మోతాదు లెక్కలు చేసేవారిని బట్టి మారడం కూడా నిజమే. ఎప్పుడు తిన్నదీ కచ్చితంగా తెలియకపోతే, మూత్రంలో ఇవాళ కనిపించిన దాన్నిబట్టి మొదట ఎంత వెళ్లిందో వెనక్కి లెక్కించాలి. తిన్న సమయం ఒక రోజు అటూ ఇటూ అయితే జవాబు బాగా మారిపోతుంది. కమిషన్ అనుమతిని రద్దు చేయలేదు. రేడియోధార్మిక పదార్థాలను కాపలా లేకుండా, తాళం లేకుండా వదిలేస్తున్నారని మాత్రం తప్పుపట్టింది. ఎవరి మీదా నేరాభియోగం నమోదు కాలేదు.

బెథెస్డా వార్త ఇంకా పాతబడకముందే, రెండు నెలలు కూడా తిరగకుండానే, మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జిలోని ఎంఐటీలో అలాంటి ఘటనే మరొకటి జరిగింది. ఆగస్టు 19న అక్కడి క్యాన్సర్ పరిశోధన కేంద్రంలో ఒక పరిశోధకుడు తన ఒంట్లో రేడియోధార్మికత ఉందని గమనించాడు. మళ్లీ భాస్వరం-32. మోతాదు 600 మైక్రోక్యూరీల హద్దుకు దరిదాపుల్లో ఉంది. అక్టోబరులో సంగతి కమిషన్ దాకా వెళ్లింది. రెండోసారి కావడంతో కమిషన్ ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని పంపింది, తర్వాత వివరమైన నివేదిక ప్రచురించింది. ప్రమాదవశాత్తు అంత పదార్థం లోపలికి పోయే దారి ఆ బృందానికి కనిపించలేదు. ఇక్కడా ఎవరన్నది తేలలేదు. రెండు ఘటనలకూ సంబంధం ఉందా అన్న ప్రశ్న సహజంగా తలెత్తింది. రెండూ క్యాన్సర్ పరిశోధన కేంద్రాలు, రెండింట్లోనూ ఒకే పదార్థం, ఒకే వేసవి. కానీ ఆ రోజుల్లో అణుజీవశాస్త్రం చేసే ఏ కేంద్రంలోనైనా ఉండే పదార్థం అదే. మొదటి వార్త చదివి రెండో మనిషికి ఆలోచన పుట్టి ఉండవచ్చు. అంతకుమించి ఊహించడానికి ఆధారం లేదు.

అన్నం దాచే ఫ్రిజ్ ఇలాంటి కేసులో కనిపించడం అదే మొదలు కాదు. 1974 నవంబరులో ఓక్లహోమా రాష్ట్రంలో, ప్లుటోనియం ఇంధన కడ్డీలు తయారుచేసే కెర్-మెగీ కర్మాగారంలో కేరన్ సిల్క్‌వుడ్ అనే ప్రయోగశాల ఉద్యోగిని ఒంటి మీద వరసగా మూడు రోజులు ప్లుటోనియం కనిపించింది. ఆమె కార్మిక సంఘం తరఫున భద్రతా లోపాల మీద ఆధారాలు పోగుచేస్తోంది. ఇంటికి వెళ్లి చూస్తే స్నానాల గదిలోనూ, వంటింటి ఫ్రిజ్‌లోని ఆహారంలోనూ ప్లుటోనియం ఉంది. ఆమె ఇచ్చిన మూత్రం సీసాలు కొన్నింటిలో ప్లుటోనియం మూత్రంతో బాటు శరీరం నుంచి వచ్చింది కాదని, తర్వాత ఎవరో కలిపినదని పరీక్షలో తేలింది. కంపెనీని అప్రతిష్ఠ పాలు చేయడానికి తానే చేసుకుందని ఒక వర్గం, ఆమె నోరు నొక్కడానికి ఎవరో చేశారని మరో వర్గం. నవంబరు 13 రాత్రి ఒక విలేకరిని కలవడానికి వెళుతూ కారు ప్రమాదంలో ఆమె చనిపోయింది. కుటుంబం వేసిన దావా అమెరికా సుప్రీంకోర్టు వరకూ వెళ్లి, 1986లో 13 లక్షల 80 వేల డాలర్ల రాజీతో ముగిసింది. ప్లుటోనియం ఆ ఫ్రిజ్‌లోకి ఎలా వచ్చిందో మాత్రం తేలలేదు. ప్లుటోనియం-239 అర్ధాయువు 24,000 ఏళ్లు. అక్కడ సాక్ష్యం కరిగిపోయే ప్రసక్తే లేదు. అయినా తేలలేదంటే కాలాన్ని ఒక్కదాన్నే నిందించి లాభం లేదు. బాధితుడే అనుమానితుడు కావడం ఇలాంటి కేసులన్నిటిలోనూ ఎదురయ్యే చిక్కు. ఆ పదార్థం అందుబాటులో ఉన్నవారిలో బాధితుడూ ఒకడు మరి.

భారతదేశంలో ఇలాంటి ఘటన 2009 నవంబరులో కర్ణాటకలోని కైగా అణువిద్యుత్ కేంద్రంలో జరిగింది. అక్కడివారు పరిశోధకులు కారు, కేంద్రం సిబ్బంది. మామూలుగా చేసే మూత్ర పరీక్షల్లో సుమారు 55 మందికి ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ ఎక్కువగా ఉన్నట్టు కనిపించింది. వెతుక్కుంటూ పోతే మళ్లీ నీళ్ల కూలరే. ట్రిటియం ఉన్న భారజలాన్ని (హెవీ వాటర్) ఎవరో అందులో కలిపారు. భారజలం అంటే తెలుగువారికి మణుగూరు కర్మాగారం గుర్తుకొస్తుంది. అక్కడ తయారై బయటికి వచ్చే భారజలానికి ఈ దోషం లేదు. రియాక్టరులో న్యూట్రాన్లు తగిలాకనే అందులో ట్రిటియం పుడుతుంది. ట్రిటియం బీటా కణాలు ఎంత బలహీనమైనవంటే గైగర్ కౌంటర్‌కు వినపడవు. మూత్ర పరీక్ష లేకపోతే సంగతి ఎవరికీ తెలిసేదే కాదు. ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లే అయినా, నీళ్ల రూపంలో ఉంటుంది కాబట్టి ఒంట్లోంచి పది రోజులకు సగం చొప్పున వెళ్లిపోతుంది. బాగా నీళ్లు తాగించి, మూత్రం ఎక్కువ అయ్యే మందులిచ్చి పంపారు. అప్పటి అణుశక్తి సంఘం అధ్యక్షుడు అనిల్ కకోద్కర్ ఇది దురుద్దేశంతో చేసిన పని అని బహిరంగంగానే అన్నారు. బయటివారు రాలేని చోటు కాబట్టి చేసింది లోపలివారే అన్నది స్పష్టం. పోలీసు కేసు నమోదైంది. దోషి దొరకలేదు.

వీటన్నిటికీ ఎదురుగా నిలబెట్టి చూడవలసినది లండన్ కేసు. 2006 నవంబరు 1న మాజీ రష్యన్ గూఢచారి అలెగ్జాండర్ లిట్వినెంకో ఒక హోటల్లో టీ తాగాడు. 23న చనిపోయాడు. విషం పొలోనియం-210. అది వదిలే ఆల్ఫా కణాలు మామూలు ఆసుపత్రి పరికరాలకు అందవు. అందుకే విషం ఏమిటో కనిపెట్టడానికి ఆయన చివరి ఘడియల దాకా పట్టింది. కానీ అది తెలిసిన మర్నాటి నుంచీ కేసు వేగంగా విడిపోయింది. టీ కెటిల్, హోటల్ గదులు, విమానం సీట్లు, ఒకదాని వెనక ఒకటి పొలోనియం జాడలు చెప్పాయి. 2016లో బ్రిటిష్ బహిరంగ విచారణ ఇద్దరు రష్యన్లను పేర్లతో సహా హత్యకు బాధ్యులుగా చెప్పింది. బెథెస్డాలో జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. విషం ఏమిటో కొన్ని గంటల్లో తెలిసింది, చెయ్యి ఎన్నటికీ తెలియలేదు. లండన్ హోటల్లో పొలోనియం ఉండవలసిన పని లేదు కాబట్టి అది కనిపించిన ప్రతిచోటూ సాక్ష్యమే. 37వ నంబరు భవనంలో భాస్వరం-32 ఉండవలసిందే కాబట్టి, అది ఎక్కడ కనిపించినా సాక్ష్యం కాదు.

1995 తర్వాత అమెరికా ప్రయోగశాలల్లో మార్పులు వచ్చాయి. నిజానికి కొత్త చట్టం అక్కర్లేకపోయింది. అనుమతి పొందినవారు రేడియోధార్మిక పదార్థాన్ని ఎవరూ తీసుకుపోకుండా భద్రపరచాలి, వాడుతున్నప్పుడు నిరంతరం కనిపెట్టి ఉండాలి అని నిబంధనల్లో ముందు నుంచీ ఉంది. దాన్ని పట్టించుకోవడం అప్పుడు మొదలైంది. ఫ్రీజర్లకు తాళాలు పడ్డాయి. ఎవరూ లేనప్పుడు గది తలుపు మూయడం కచ్చితమైంది. కొత్త ముఖం కనిపిస్తే మీరెవరని అడగమని సిబ్బందికి చెప్పారు. తనిఖీదారులు గదిలోకి అడుగుపెట్టి, ఎవరైనా అడుగుతారా లేదా అని చూడటం కూడా తనిఖీలో భాగమైంది. తిండీ నీళ్లూ ప్రయోగాలు జరిగే చోటికి దూరంగా పెట్టాలన్న పాత నియమాన్ని గోడల మీద పెద్ద అక్షరాలతో రాశారు. ఆ నియమం మనిషి తన పొరపాటు నుంచి తాను కాపాడుకోవడానికి పెట్టుకున్నది. పక్కవాడి నుంచి కాపాడటానికి కాదు. 37వ నంబరు భవనంలో కలుషితమైన కూలరు మీద ఏ నియమమైనా రాసి ఉన్నా అది చదివి ఆగేవారు ఎవరూ లేరు.

భాస్వరం-32 వాడకమే తర్వాతి కాలంలో బాగా తగ్గిపోయింది. దానికి కారణం ఈ కేసులు కాదు. రంగు వెలుగులు చిమ్మే రసాయనాలు వచ్చాయి. ఒకప్పుడు రేడియోధార్మిక గీతలతో చదివిన డీఎన్‌ఏ వరుసక్రమాన్ని నాలుగు రంగుల వెలుగులతో యంత్రాలే చదవసాగాయి. జీవశాస్త్రం చదివే కొత్త తరం పరిశోధకుల్లో చాలామంది గైగర్ కౌంటర్ చప్పుడు వినకుండానే డాక్టరేట్ పూర్తి చేస్తున్నారు. బెథెస్డా కేసూ, కేంబ్రిడ్జి కేసూ ఎవరి మీదా అభియోగం లేకుండానే మిగిలిపోయాయి.